అన్ని దేశాల డిస్కులూ నడిచే ప్లేయర్

రెబెక్కా సిస్టర్ ఎవరినీ ఊరికే నమ్మదు. ఆమెను ఎరిగినవాళ్లంతా ముందుగా చెప్పే మాట ఇదే. పాలవాడు గుమ్మం దగ్గర ప్యాకెట్లు పెట్టి వెళ్తే, వాటి మీది తేదీ చదివాకే లోపలికి తెస్తుంది. ఆటో ఎక్కితే దారి పొడవునా బోర్డులు చూసుకుంటూ కూర్చుంటుంది. భర్త డేవిడ్ ఉప్పు తగ్గించానని చెబితే, మారు మాట్లాడకుండా వెళ్లి ఊరగాయ జాడీ మూత తీసి చూస్తుంది.

ఈ గుణం పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో అబ్బింది. బాపట్ల పక్క పల్లెలో పుట్టి, నర్సింగ్ చదివి, ఇరవై రెండేళ్ల వయసులో హైదరాబాద్ వచ్చి, ముప్పై నాలుగేళ్లు ఒకే ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో పనిచేసింది. కోత మొదలయ్యే ముందు గాజుగుడ్డలు, సూదులు, కత్తెరలు లెక్కపెట్టడం, కుట్లు వేసే ముందు మళ్లీ లెక్కపెట్టడం ఆమె పని. ఒకసారి గుడ్డ ఒకటి తక్కువైంది. "నీ లెక్కే తప్పు, సూది ఇలా ఇవ్వు" అని పెద్ద సర్జన్ కేకలేశాడు. రెబెక్కా ట్రే రెండు చేతులా పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇవ్వనండి. ముందు గుడ్డ దొరకాలి" అంది. పదకొండు నిమిషాలు వెతికాక అది రోగి కడుపులోనే, కాలేయం వెనక దొరికింది. ఆ సర్జన్ మెచ్చుకోలేదు, క్షమించమనీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమె తల ఊపితే తప్ప సూది అందుకోలేదు.

రిటైరయ్యాక దంపతులిద్దరూ గోపన్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో స్థిరపడ్డారు. ఎదురు ఫ్లాట్‌లో రోహిత్, సౌజన్య ఉంటారు. ఇద్దరివీ హైటెక్ సిటీలో ఉద్యోగాలు. లండన్‌లో రెండేళ్లు, అమెరికాలో అయిదేళ్లు ఉండి తిరిగొచ్చారు. వాళ్ల పాప వర్షితకు ఎనిమిదేళ్లు. వినపడుతుంది, చెప్పింది అర్థమవుతుంది, మాట మాత్రం రాదు. మధ్యాహ్నం ఒంటిగంటకు బడి బస్సు దిగి, తల్లిదండ్రులు ఆఫీసుల నుంచి వచ్చేవరకూ రెబెక్కా దగ్గరే ఉంటుంది.

వర్షితకు ఒక నీలం జిప్పు సంచి ఉంది. అందులో ఇరవై దాకా డీవీడీలు. కొన్ని లండన్‌లో కొన్నవి, ఎక్కువ భాగం అమెరికాలో లైబ్రరీవాళ్లు వద్దనుకుని అమ్మేసినవి. సముద్రంలో చేపలు, కొండల మీద రైళ్లు, గాజు ఊదే పనివాళ్లు. డిస్క్ ఏదైనా ఆ పిల్లే పెట్టాలి. మధ్య చిల్లులో వేలు పెట్టి తీసి, వెలుతురులో అటూ ఇటూ వంచి రంగులు చూసి, ట్రేలో పెట్టి, ట్రే లోపలికి వెళ్లేదాకా ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. రోహిత్ అవన్నీ ట్యాబ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఇచ్చిన ప్రతిసారీ వర్షిత దాన్ని నేల మీద బోర్లించి పెట్టింది.

అమెరికా నుంచి తెచ్చుకున్న ప్లేయర్ వచ్చిన వారానికే పోయింది. అక్కడి కరెంటు నూట పది వోల్టులు, ఇక్కడిది రెండు వందల ముప్పై. సౌజన్య పెట్టిన అడాప్టర్ ప్లగ్గు పిన్నుల ఆకారాన్ని మార్చింది కానీ కరెంటును మార్చలేదు. చిటుక్కున శబ్దం, కాలిన వాసన, అంతే. డేవిడ్ అటక మీది పాత ప్లేయర్ దింపి పెడితే, చేపలకు బదులు నీలి తెర మీద ఒక వాక్యం వచ్చింది. ఈ డిస్క్ ఈ ప్రాంతంలో చెల్లదట. వర్షిత ట్రే తీసింది, మూసింది, మళ్లీ తీసింది. అలా చాలాసేపు చేశాక, తన మణికట్టును తానే కొరుక్కుంది.

రెబెక్కా ఆ పంటి గాట్లకు మందు రాస్తూ రోహిత్‌ను అడిగింది.

"చేపలకి కూడా ప్రాంతాలేంటయ్యా?"

"కంపెనీలు ప్రపంచాన్ని ముక్కలు చేసుకున్నాయి ఆంటీ. అమెరికా ఒకటి, లండన్ రెండు, మనం అయిదు. ఒక చోట కొన్నది ఇంకో చోట నడవకుండా ప్లేయర్‌లోనే తాళం వేస్తారు. తాళం లేని ప్లేయర్లు కూడా దొరుకుతాయి, కానీ ఇప్పుడు డీవీడీలు కొనేవాళ్లే లేరు కదా. లాప్‌టాప్‌కి తగిలించే డ్రైవ్ ఒకటి ఉంది నా దగ్గర, చూద్దామా?"

ఆ డ్రైవ్‌లో డిస్క్ పెట్టగానే, ప్రాంతం మార్చాలా అని అడిగింది. ఇంకా నాలుగు సార్లు మాత్రమే మార్చుకోవచ్చు అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. రోహిత్ సరే అని నొక్కబోతుంటే రెబెక్కా అతని చెయ్యి పట్టుకుంది.

"నాలుగు తర్వాత?"

"తర్వాత... ఒకే ప్రాంతానికి ఉండిపోతుంది."

"పిల్ల రోజుకి ఆరు డిస్కులు మారుస్తుంది. సాయంత్రానికి బిగుసుకుపోయే వస్తువు నాకొద్దు. ప్లేయర్ సంగతి నేను చూస్తాను, మీరు ఆఫీసులకి పొండి."

ఆ రాత్రే ఆమె నీలం సంచిలోంచీ తన బీరువాలోంచీ ఏడు డిస్కులు ఏరింది. అమెరికావి రెండు, లండన్‌ది ఒకటి, పాత క్రైస్తవ కీర్తనల వీసీడీ ఒకటి, డేవిడ్ ఇంట్లో రాయించిన చెల్లెలి పెళ్లి డీవీడీ ఒకటి, ఎంపీత్రీ పాటలది ఒకటి, రోహిత్ కంప్యూటర్లో వీడియో ఫైళ్లు రాసిచ్చినది ఒకటి. నోటుబుక్‌లో ఏడు గళ్లు గీసింది. ఏడూ నడిస్తేనే ప్లేయర్ ఇంటికి వస్తుంది.

మదీనాగూడలో మొదటి దుకాణంవాడు పెట్టె చూపించి, "అన్నీ ప్లే అవుతాయి మేడమ్, ఆల్ రీజియన్, చూడండి రాసి ఉంది" అన్నాడు. నిజమే, వెనక మెరిసే స్టిక్కర్ మీద అలాగే రాసి ఉంది. స్టిక్కర్ కొంచెం వంకరగా ఉండటం రెబెక్కాకు నచ్చలేదు. గోటితో అంచు లేపింది. కింద భూగోళం బొమ్మ, అందులో అయిదు అంకె అచ్చువేసి ఉన్నాయి.

"ఇదేంటండీ?"

"కంపెనీవాళ్లే అంటించారు మేడమ్."

"కంపెనీ తన అంకెని తనే దాచుకుంటుందా?" అని ఆమె స్టిక్కర్‌ను తిరిగి అంటించకుండా కౌంటర్ మీదే వదిలి వచ్చింది.

ఆన్‌లైన్‌లో తెప్పించిన రెండోది అమెరికా డిస్క్‌ను చదివింది. బొమ్మ వచ్చింది, రంగులు మాత్రం రాలేదు. అమెరికా డిస్కుల్లో రంగులు పంపే పద్ధతి వేరని, ఆ ప్లేయర్ దాన్ని మార్చలేదని తర్వాత తెలిసింది. బూడిదరంగు చేపలను వర్షిత రెండు నిమిషాలు చూసి, టీవీ వెనక్కి వెళ్లి వెతికింది. రంగులు అక్కడేమైనా ఉండిపోయాయనుకుందో ఏమో. రెబెక్కా ఆ సాయంత్రమే దాన్ని ప్యాక్ చేసి వెనక్కి పంపింది.

చందానగర్ మార్కెట్లో, కూరగాయల బండ్ల వెనక సందులో, టీవీలూ మిక్సీలూ బాగుచేసే రాజయ్య ఉన్నాడని చెప్పింది డేవిడే. దుకాణం ఆరడుగుల వెడల్పు ఉంటుంది. గోడ నిండా పాత రిమోట్లు. రాజయ్యకు అరవై అయిదు పైనే ఉంటాయి. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, ఆమె చెప్పిందంతా విన్నాడు.

"గోపన్‌పల్లినా మీది? మాది గదే ఊరు. మీ అపార్ట్‌మెంట్ ఉన్న కాడ మా పెదనాయిన జొన్న చేను ఉండె."

రెబెక్కా మాట కలపకుండా డిస్కుల సంచి కౌంటర్ మీద పెట్టింది. మాటలు కలిపి సరుకు అంటగట్టే దుకాణదారులను ఆమె చాలామందిని చూసింది.

రాజయ్య పైఅర నుంచి ఒక నల్ల ప్లేయర్ దించి దుమ్ము దులిపాడు. పదిహేనేళ్ల నాటిది, కానీ బరువుగా గట్టిగా ఉంది. "ఇప్పుడొచ్చేటియి ఉత్త డొల్ల. ఇది మంచిది. దీనికి జర ఇలాజ్ చెయ్యాలె, తాళం తియ్యాలె. మీరు అటు దిక్కు చూడుండ్రి."

"అటెందుకు చూడాలి?"

"చూడమంటే చూడాలెనమ్మా. రిమోట్‌ల కొన్ని నంబర్లు కొట్టాలె. అది నా విద్య. ఇరవై ఏండ్ల సంది ఒక్కొక్క మాడల్ నంబర్ ఒక్కొక్కరి కాళ్లు పట్టుకుని నేర్సుకున్న. ఎవ్వరికీ చెప్పలే."

"నేను అటు తిరిగితే మీరు లోపల ఏం మారుస్తారో నాకెలా తెలుస్తుందండి?"

రాజయ్య కళ్లద్దాలు దించుకుని ఆమెను నిదానంగా చూశాడు. "నేనేం మారుస్త? మీరు చూస్తే నా నంబర్లు ఊరంత తెల్వయా? ఒకాయన గిట్లనే చూసిపోయి, పక్క సందుల దుకాణం పెట్టిండు."

చివరికి ఒప్పందం కుదిరింది. రాజయ్య రిమోట్ మీద చేతి రుమాలు కప్పుకుని నొక్కుతాడు, రెబెక్కా ప్లేయర్ మీదా టీవీ మీదా కన్ను పెట్టుకోవచ్చు. ట్రే తెరుచుకుంది. రుమాలు కింద వేళ్లు కదిలాయి. తెర మూలన అయిదు అంకె వచ్చి, మరుక్షణం సున్నా అయింది.

"అయిపాయె. సున్న అంటే ఏ దేశానిదైనా నడుస్తది. పెట్టుండ్రి మీ డిస్క్."

అమెరికా డిస్కులు రెండూ, చేపలదీ గాజు ఊదేవాళ్లదీ, నడిచాయి, రంగులతో సహా. లండన్ రైలు నడిచింది. కీర్తనలు, పెళ్లి, పాటలు, రోహిత్ రాసిచ్చిన ఫైళ్లు, ఒక్కొక్కటీ అయిదు నిమిషాలు చూపించి రాజయ్య చేతులు దులుపుకున్నాడు. "ఏడుకు ఏడు. ఇగ తీస్కపోండ్రి."

రెబెక్కా అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇప్పుడు మొదటి నుంచి చివరిదాకా చూద్దాం."

"ఏంది? ఏడు డిస్కులు చివరిదాకనా?"

"కుదిరితే ఏడూ. కనీసం పిల్ల ఎక్కువగా చూసే చేపలది."

"అమ్మా, నలభై ఏండ్లసంది ఈ పని చేస్తున్న. మొదలు నడిస్తే మొత్తం నడిచినట్టే."

"నేనూ ముప్పై నాలుగేళ్లు చేశానండి ఒక పని. సగం లెక్క అంటే లెక్క లేనట్టే."

రాజయ్య మొహం మాడ్చుకుని ఎవరిదో మిక్సీ విప్పడానికి కూర్చున్నాడు. రెబెక్కా సంచిలోంచి నీళ్ల సీసా తీసి పక్కన పెట్టుకుని, చేపల వైపు చూస్తూ కూర్చుంది. కూరగాయలవాళ్ల అరుపులు, హారన్లు, మిక్సీ గరగర. తెర మీద పగడపు దిబ్బలు పోయి సొరచేపలు వచ్చాయి, సొరచేపలు పోయి ఇసుక తీరం వచ్చింది. రాజయ్య రెండుసార్లు ఆమె వైపు చూసి, విసుగ్గా తల తిప్పుకున్నాడు. మూడోసారి చూసినప్పుడు ఒక టీ గ్లాసు ఆమె ముందు పెట్టాడు. ఆమె గ్లాసు అంచు పరీక్షగా చూసుకుని తాగింది.

యాభై రెండో నిమిషంలో తాబేలు పిల్లలు ఇసుకలోంచి బయటపడి నీళ్ల వైపు పరుగెడుతున్నాయి. అలల అంచుకు చేరబోతూ ఆగిపోయాయి. బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయింది. ప్లేయర్ లోపల టిక్కు టిక్కుమని శబ్దం.

రెబెక్కా టీవీ వైపు వేలు చూపింది, అంతే.

రాజయ్య మిక్సీ పక్కన పెట్టి లేచాడు. డిస్క్ తీసి తుడిచి, యాభయ్యో నిమిషానికి తీసుకెళ్లి మళ్లీ చూశాడు. అదే చోట ఆగింది. మూడోసారీ అంతే. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

"ఇది రెండు పొరల డిస్కమ్మా" అన్నాడు, గొంతు తగ్గించి. "ఒక పొర అయిపోంగనే లోపలి లెన్స్ రెండో పొర మీదికి దుంకాలె. దీని లెన్స్ పాతదైంది, దుంకుతలేదు. నేనెన్నడు సగందాక కూడ చూడలే. ఎన్నిటిని గిట్లనే ఇచ్చి పంపిన్నో."

ఆ చివరి మాట ఆమెకు కాదు, తనకే చెప్పుకున్నట్టు అన్నాడు. రెబెక్కాకు ఆ మనిషి మీద మొదటిసారి కొంచెం నమ్మకం కలిగింది. తప్పును తప్పని తమంతట తాము ఒప్పుకున్నవాళ్లను ఆమె థియేటర్లో కూడా వేళ్ల మీద లెక్కపెట్టగలదు.

లెన్స్ మార్చడానికి రెండు రోజులు కావాలన్నాడు. నమ్మకం కొంచెమే కాబట్టి, వెళ్లేముందు ఆమె ప్లేయర్ అడుగున ఉన్న నంబరు నోటుబుక్‌లో రాసుకుంది. అతను చూస్తుండగానే రాసుకుంది. "రాసుకోండ్రి, రాసుకోండ్రి" అన్నాడు రాజయ్య.

శనివారం వెళ్తే రాజయ్యే స్టూలు వేసి పెట్టాడు. ఈసారి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఆసుపత్రిలో ఆమె గుడ్డల లెక్క సంగతి మాట్లాడుకుంటూ చూశారు. యాభై రెండో నిమిషంలో ఒక చిన్న తొట్రుపాటు, కనురెప్ప వేసినంతసేపు, తర్వాత తాబేళ్లు నీళ్లలోకి దిగిపోయాయి. రాజయ్య తొడ మీద చరుచుకున్నాడు. మిగతా ఆరూ చూసి నోటుబుక్‌లో గళ్లన్నీ నింపేసరికి సాయంత్రమైంది. అప్పుడు రెబెక్కా అసలు విషయం ఎత్తింది.

"ఆ నంబర్లు నాకు కావాలి రాజయ్య గారూ."

"మల్ల మొదలు పెట్టినవా సిస్టరమ్మా?"

"మా పిల్ల రిమోట్ మీద బటన్లన్నీ నొక్కుతుంది. ఏదో ఒకరోజు మళ్లీ అయిదుకి వచ్చేస్తుంది. అప్పుడు ఆ పిల్లని పట్టుకోవడం నావల్ల కాదు. చెయ్యి కొరుక్కుంటుంది. మీ దుకాణం తెరిచేదాకా ఆగదు."

రాజయ్య గోడ మీది రిమోట్ల వైపు ఒకసారి చూశాడు. తర్వాత బయటికి తొంగిచూసి, సందులో ఎవరూ లేరని నిర్ధారించుకుని, ఒక కాగితం ముక్క మీద రాసిచ్చాడు. "ఎవ్వరికీ చెప్పనని మాటియ్యి."

"నా నోటి నుంచి పోదు" అంది రెబెక్కా. ఇంటికెళ్లాక డేవిడ్‌కు కూడా చూపించలేదు.

వర్షిత ఆ సోమవారం డిస్క్ పెట్టి, ట్రే మూసుకున్నాక తెర వైపు చూడలేదు. రెబెక్కా మొహం వైపు చూసింది. నీలి తెర వస్తుందేమోనని ఆ పిల్లకూ అనుమానమే. చేపలు వచ్చాక, రంగులు సరిగ్గా ఉన్నాయో లేదో దగ్గరికెళ్లి చూసుకుని, అప్పుడు కూర్చుంది. రిమోట్ నొక్కడం వల్ల తాళం మళ్లీ పడింది కూడా, ఆ నెలలోనే రెండుసార్లు. రెండుసార్లూ రెబెక్కా వంటింట్లో కాగితం చూసుకొచ్చి సరిచేసింది.

మూడు నెలల తర్వాత రాజయ్య ఫోన్ చేశాడు. గొంతు బిరుసుగా ఉంది.

"మదీనాగూడల ఒక పిలగాడు నాకు తెల్సిన మాడల్‌నే సున్న చేసి ఇస్తున్నడంట. గదే నీకిచ్చిన మాడల్. నేను ఇన్నేండ్లల నీకొక్కదానికే చెప్పిన."

జీవితమంతా రెబెక్కా ఇతరుల లెక్కను అనుమానించింది. తన లెక్కను ఇలా అడిగినవాళ్లు ఆ సర్జన్ తర్వాత ఎవరూ లేరు. "నేను చెప్పలేదండి" అంది. ఆ మాట తన చెవికే పేలవంగా వినిపించింది. స్టిక్కర్ అంటించిన దుకాణంవాడు కూడా ఇంత తొందరగానే జవాబు చెప్పాడు కదా అనిపించింది.

సాయంత్రం రోహిత్ పాపను తీసుకెళ్లడానికి వస్తే, నంబర్లు చెప్పకుండా, ప్లేయర్ మోడల్ పేరు మాత్రం చెప్పి, దీని తాళం తీసే రహస్యం బయట తెలిసే వీలుందా అని అడిగింది. రోహిత్ ఫోన్‌లో అర నిమిషం వెతికాడు. "ఉంది ఆంటీ. ట్రే తెరిచి..." అని చదవడం మొదలుపెట్టాడు. అంకెకు అంకె రాజయ్య కాగితమే. ఏదో దేశపు మనిషి పద్నాలుగేళ్ల కిందటే ఇంటర్నెట్‌లో పెట్టాడు. కింద వందల మంది కృతజ్ఞతలు రాశారు.

ఆ రాత్రి ఆమెకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఈ సంగతి చెబితే తన మీది మచ్చ పోతుంది. కానీ ఆయన ఇరవై ఏళ్లు రుమాలు కింద దాచుకున్నది ఎవరికీ దాగనిదని తేలిపోతుంది. చెప్పకపోతే ఆయన తనను దొంగ అనే అనుకుంటాడు, అనుకోనీ అని కూడా ఒకసారి అనుకుంది. కానీ తక్కువైన గుడ్డ ఎక్కడుందో తెలిసి నోరు మూసుకోవడం ఆమెకు చేతకాదు.

శనివారం రోహిత్‌ను వెంటబెట్టుకుని చందానగర్ వెళ్లింది. రోహిత్ ఫోన్ తెర చూపించాడు. రాజయ్య కళ్లద్దాలు పెట్టుకుని, ఆ ఇంగ్లీషులోంచి అంకెలు మాత్రం ఏరుకుని చదివాడు. పెదాలు కదిలాయి. తర్వాత కౌంటర్ సొరుగు తాళం తీసి, అంచులు నలిగిన ఒక పాత పుస్తకం బయటపెట్టాడు.

"ఇందుల ముప్పై ఒక్క మాడళ్లున్నయి. అన్నీ ఉన్నయా గా ఫోన్ల?"

"మోడల్ పేరు చెప్పండి అంకుల్, చూస్తాను."

రాజయ్య ఒక్కొక్క పేరే చదివాడు. రోహిత్ ఉంది అన్నప్పుడల్లా పేజీ తిప్పాడు. లేదు అన్నప్పుడు పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టుకున్నాడు. చివరికి పంతొమ్మిది ఉన్నాయని, పన్నెండు ఎక్కడా లేవని తేలింది. రాజయ్య ఆ చుక్కలను తానొకసారి లెక్కపెట్టి, రెబెక్కా చేత ఒకసారి లెక్కపెట్టించాడు.

"పన్నెండు" అంది రెబెక్కా.

"పన్నెండు" అన్నాడు రాజయ్య. మొహంలోకి కొంచెం కళ వచ్చింది. "అయితె నువ్వు చెప్పలే సిస్టరమ్మా."

"ముందే చెప్పాను కదండి."

"ఆ పన్నెండు పేర్ల స్పెల్లింగ్ ఒక్కసారి చూస్తాను అంకుల్, మళ్లీ వెతుకుదాం" అంటూ రోహిత్ పుస్తకం మీదికి వంగాడు. రాజయ్య అరచెయ్యి చాచి నంబర్లున్న పేజీ మొత్తం కప్పేశాడు. రోహిత్‌కు నవ్వొచ్చింది. రెబెక్కాకు రాలేదు.

"చూపించకండి రాజయ్య గారూ" అంది. "ముందు సొరుగులో పెట్టి తాళం వెయ్యండి."